మాన్సా గురుగ్రహం, మా పొయ్యిలు

మా సెకొండీలో చనిపోయినవాళ్లంతా అందంగానే ఉంటారు. గోడల మీదా కరెంటు స్తంభాల మీదా అంటించే చావు పోస్టర్లు చూస్తే తెలుస్తుంది. తొంభై ఏళ్ల ముసలమ్మకైనా బుగ్గలు నిండుగా ఉంటాయి, ఊడిన పళ్లు తిరిగొచ్చి ఉంటాయి, మెడ మీద ఒక్క ముడత కనిపించదు. అదంతా మాన్సా చేతి పని. మార్కెట్ రోడ్డులోని ఫోటో స్టూడియోలో ఇరవై రెండేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చుని ఆమె ముఖాలు దిద్దుతోంది.

అదే మాన్సా గురుగ్రహానికి ఫోటోలు తీస్తుంది. ఆ ఫోటోలు చూసి కొలతలు తీసుకునే పెద్దమనుషులు సముద్రాల అవతల ఉన్నారు. ఈ మాట పక్క ఊరు తకొరాది వెళ్లే ట్రోట్రో వ్యానులో నా పక్కన కూర్చున్న ప్రతివాళ్లకీ చెప్పాను. నమ్మనివాళ్లతో పోట్లాడాను కూడా.

నా పేరు ఎఫువా. చేపలకు పొగపెట్టి అమ్ముకునేదాన్ని. మాన్సా అద్దెకుండే మేడకూ సముద్రానికీ మధ్య మా పొయ్యిల వరస ఉంది. మట్టి పొయ్యిలు పదకొండు, వాటి మీద ఇనప తీగల తట్టలు, వాటి వెనక పదకొండు మంది ఆడవాళ్లం. నా పొయ్యి ఆమె మేడకు అన్నిటికంటే దగ్గర. అందుకని ఆమె కోపం మొదట నాకే తగిలేది.

"ఎఫువక్కా, నీ పొగ నా అద్దం మీద మసి పూసేసింది," అని మేడ మీంచి అరిచేది.

"అద్దంలో ముఖం చూసుకునే వయసు దాటిపోయిందిలే మాన్సా," అనేదాన్ని.

"ముఖం చూసుకునే అద్దం కాదు, ఆకాశం చూసే అద్దం."

"ఆకాశానికి మా పొగ కొత్తా? నువ్వు పుట్టకముందు నుంచీ అక్కడే తిరుగుతోంది."

ఇలా వారానికి నాలుగుసార్లు జరిగేది. మాన్సా పెళ్లి చేసుకుని విడిపోయిన మనిషి. పిల్లల్లేరు. దాని గురించి ఎవరైనా జాలిపడితే ఆమెకు ఒళ్లు మండుతుంది. ఓడలో పనిచేసే ఇంజనీరు ఒకాయన పాస్‌పోర్టు ఫోటో కోసం స్టూడియోకి వచ్చి, ఊరు వదిలి వెళ్తున్నాను, నా దగ్గర టెలిస్కోప్ ఉంది, ఎవరైనా కొంటారా అని అడిగాడట. ఈవిడ దాచుకున్నదంతా అతని చేతిలో పోసి, ఆ గొట్టాన్ని భుజాన మోసుకుని వచ్చింది. దానికి కాళ్లు లేవు. పడవలు చేసే వడ్రంగి చేత చెక్కతో ఒక పీట చేయించుకుంది. అందరి టెలిస్కోపులకూ గ్రహాన్ని వెంబడించడానికి మోటారు ఉంటుందట. మాన్సాకు మోటారు తన చూపుడు వేలే. గ్రహం కంప్యూటర్ తెర మీంచి జారిపోబోయేలోగా గొట్టాన్ని వేలితో ఇంతే ఇంత నెడుతుంది. రెండు నిమిషాల పాటు ఊపిరి బిగబట్టి అలా నెడుతూ ఉంటుంది. మా ఊళ్లో ఆ పని ఇంకెవరి వల్లా కాదు.

ఒకరోజు రాత్రి పోట్లాట తేల్చుకుందామని మేడెక్కాను. ఆమె నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, "ముందు చూడు, తర్వాత తిట్టు," అంది.

చూశాను. పాలమీగడ రంగులో ఒక చిన్న ఉండ, దాని మీద రెండు గోధుమరంగు చారలు, పక్కన వరసగా నాలుగు చుక్కలు. ఉండ మాత్రం నిలకడగా లేదు. కాగిన నూనెలో వేసిన అలసంద వడలా అటూ ఇటూ వణుకుతోంది.

"ఇదేంటే, ఇది ఉడుకుతోంది," అన్నాను.

"ఇవాళ పైన గాలి బాలేదక్కా. నలభై వేల అడుగుల ఎత్తులో ఏదో గాలి పరిగెడుతున్నట్టుంది," అంది మాన్సా. రోజూ స్టూడియో నుంచి రాగానే పైగాలుల పటాలు చూసుకునేది. ఆ పటం బావుందన్న రోజు గ్రహం ఉడికేది, బాలేదన్న రోజు కుదురుగా ఉండేది. ఎందుకో ఆమెకు అర్థమయ్యేది కాదు. అంతా గాలి దయ అనేది.

నేను వచ్చిన పని మర్చిపోయి ఆమె పని చూస్తూ కూర్చున్నాను. గొట్టం చివర చిన్న కెమెరా ఉంటుంది. అది రెండు నిమిషాల్లో పది వేల బొమ్మలు తీస్తుంది. అంతకంటే ఎక్కువసేపు తీయకూడదు, గ్రహం తన చుట్టూ తాను తిరిగిపోయి మచ్చలన్నీ అలుక్కుపోతాయి. పది వేలల్లో తొమ్మిది వేలు పనికిరావు. గాలి ఒక్క క్షణం ఆగినప్పుడు పడిన బొమ్మలు ఏవో కంప్యూటర్ ఏరి పెడుతుంది. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, అన్నిట్లో ఉన్నది ఉంచి, కొన్నిట్లోనే ఉన్న వణుకు తీసేసి, చివర్లో అంచులకు పదును పెడుతుంది మాన్సా. పడవలోంచి దింపిన కుప్పలో మంచి చేప ఏరడం నాకు తెలుసు కనక, ఆ పని ఎంత ఓపికతో చేయాలో నాకు చెప్పక్కర్లేదు. ఆ రోజు నుంచి మా పోట్లాటలు ఆగలేదు కానీ, అరుచుకున్నాక కెంకే అనే మొక్కజొన్న ముద్ద, మిరపకాయ పచ్చడి కలిసి తినేవాళ్లం.

మొదటి ఏడాది ఆమె ఒక తప్పు చేసింది. ఇలాంటి ఫోటోలు లోకమంతటి నుంచీ పోగుచేసే సంఘం ఒకటుంది. దానికి లౌరిట్స్ అనే పెద్దాయన పెద్ద. ఎక్కడో చలిదేశంలో ఉంటాడు. మాన్సా పంపిన మొదటి మంచి ఫోటో చూసి ఆయన ఉత్తరం రాశాడు. ఫోటో చక్కగా ఉంది, కానీ ఆ నిమిషాన గ్రహం మీద అయో అనే ఉపగ్రహం నీడ నల్లచుక్కలా పడి ఉండాలి, అదెక్కడికి పోయింది అని అడిగాడు.

అది ఎక్కడికీ పోలేదు. మాన్సా తుడిచేసింది. పుట్టుమచ్చ అనుకుందో, కెమెరా మీద దుమ్మనుకుందో, ఇరవై రెండేళ్ల అలవాటు కొద్దీ చెయ్యి దానంతటదే వెళ్లి గురుగ్రహం ముఖం శుభ్రం చేసేసింది. నేను పగలబడి నవ్వాను. ఆమె నవ్వలేదు. మూడు రోజులు తిండి సరిగా తినలేదు. నాలుగో రోజు జరిగింది జరిగినట్టు ఆయనకు రాసి, అసలు వీడియో పంపి, తన కంప్యూటర్ పైన గోడ మీద ఒక కాగితం అంటించింది. దాని మీద పెద్ద అక్షరాలతో ఇలా రాసింది: "ఇక్కడ ఎవరూ చనిపోలేదు." ఆ తర్వాత గ్రహం బొమ్మ మీద కుంచె పెట్టలేదు.

రెండేళ్లు గడిచాయి. ఈ ఏడాది గురుగ్రహం చారలో ఒక తెల్లటి తుఫాను లేచింది. అది రోజుకెంత కదులుతోందో కొలవాలంటే రాత్రీ పగలూ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఫోటో తీస్తూ ఉండాలి. ఆసియాలో తెల్లారిపోయి, అమెరికాలో ఇంకా పొద్దుగూకని గంటలు ఉంటాయి. ఆ గంటల్లో గ్రహం మా నెత్తిన ఉంటుంది. పైగా ఆకాశం లెక్కలకు లోకమంతా వాడే గడియారమూ మా ఊరి గడియారమూ ఒకే టైము చూపిస్తాయి. మిగతావాళ్లు గంటలు కలుపుకునో తీసేసుకునో తంటాలు పడతారు, మాన్సా గోడ గడియారం చూసి రాసేస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ముప్ఫై ఒక్క ఫోటోలు పంపింది. ఆ తుఫాను కథలో మాన్సా లేకపోతే మధ్యలో పెద్ద చిల్లు పడుతుంది. ఇది నేను అనడం లేదు, లౌరిట్సే రాశాడు.

ఫిబ్రవరి చివర్లో ఆయన దగ్గర్నుంచే ఇంకో ఉత్తరం వచ్చింది. ఆ సాయంత్రం మాన్సా నా పొయ్యి దగ్గరకు వచ్చి నిలబడింది. అరవలేదు. అప్పుడే నాకు భయమేసింది.

"అక్కా, నీ అల్లుడు పాత సామాన్లు కొంటాడు కదా. టెలిస్కోప్ కొంటాడేమో అడుగు."

"జ్వరమేమైనా వచ్చిందా నీకు?"

ఫోను తీసి ఉత్తరం చదివింది. మర్యాదగానే ఉంది, అదే ఎక్కువ గుచ్చుకుంది. 'మీరు పంపిన ముప్ఫై ఒక్క ఫోటోలలో పధ్నాలుగు అద్భుతంగా ఉన్నాయి. మిగిలినవి సాధారణం. తేదీలు సరిచూస్తే ఆ పధ్నాలుగూ మంగళవారాలే. వాతావరణానికి వారాలు తెలియవు. గతంలో ఒకసారి మీరు బొమ్మను దిద్దిన సంగతి మీరే ఒప్పుకున్నారు. సరైన కారణం తెలిసేవరకు మీ ఫోటోలన్నిటినీ నివేదికలోంచి పక్కన పెడుతున్నాను. ఇలా రాయాల్సి వచ్చినందుకు బాధగా ఉంది.'

"నేను మంగళవారం మంగళవారం కూర్చుని దొంగబొమ్మలు గీస్తున్నానట," అంది మాన్సా. "ఒక్కసారి చేశాను. ఒప్పుకున్నాను. నా పేరు అక్కడ ఇక అంతే. చచ్చినవాళ్లకి రంగులేసే మనిషి, గ్రహాలకి మాత్రం వెయ్యదా అనుకున్నారు."

"మరి మంగళవారాలే ఎందుకు బాగొచ్చాయి?"

"నాకేం తెలుసు? నేను తేదీ రాస్తాను, వారం చూసుకోను. పైగాలుల పటాలన్నీ మళ్లీ తిరగేశాను. ఏమీ లేదు."

నేను తట్ట మీది కవళ్ల చేపలను తిరగేస్తున్నాను. పొగ కళ్లలోకి కొట్టింది. తుడుచుకుంటూ ఉంటే ఒక సంగతి తట్టి, చేతిలో చేప అలాగే పట్టుకుని ఆగిపోయాను.

"మాన్సా, నువ్వు నా మీద అన్ని రోజులూ అరుస్తావు. మంగళవారం ఎప్పుడైనా అరిచావా?"

"మంగళవారం నువ్వు పొయ్యి వెలిగించవు కదా, ఎందుకు అరుస్తా..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. ఇద్దరం పొయ్యిల వరస వైపు చూశాం. పదకొండు పొయ్యిల మీదా గాలి వణుకుతోంది. వాటి అవతలున్న పడవలు, వలలు, సముద్రం అన్నీ ఆ వేడిలోంచి చూస్తుంటే వణుకుతున్నాయి. సముద్రపు గాలి ఆ వేడినంతా తీసుకెళ్లి సరిగ్గా మాన్సా మేడ మీదుగా పోస్తోంది.

మంగళవారం సముద్రానిది. ఆ రోజు మా తీరంలో ఒక్క పడవ నీళ్లలోకి దిగదు. మా తాతల తాతలు దించలేదు, మేమూ దించం. చేపలు రావు కనక పొయ్యిలు వెలగవు. ఆ రోజు అందరం వలలు బాగుచేసుకుంటాం, తలలు దువ్వుకుంటాం. ఇది ఇక్కడ ఎవరికీ కొత్త కాదు, అందుకే ఎవరికీ తట్టలేదు. మాన్సా నలభై వేల అడుగుల ఎత్తున వెతుకుతోంది. కారణం ఆమె మెట్ల కింద కవళ్లు కాలుస్తోంది.

"నువ్వేనా అక్కా నా గాలి?" అంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

ఆ రాత్రే అంతా వివరంగా రాసి పంపింది. రెండు రోజులకు జవాబు వచ్చింది. కారణం ఆసక్తికరంగా ఉంది, కానీ కథ వేరు, రుజువు వేరు. మంగళవారం కాని రోజున, పొయ్యిలు చల్లగా ఉంచి తీసిన వీడియోను ఏ మార్పూ లేకుండా పంపండి, నేనే ఇక్కడ పేర్చి చూస్తాను అని రాశాడు. మాన్సా ఫోను మూసేసి, "వద్దులే. నా ఫోటో కోసం పదకొండు మంది చేపలు కుళ్లబెట్టుకుంటారా. నేనడగను," అంది.

ఆమె అడగకపోతే నాకు నోరు లేదా? ఆమెను తిన్నగా నానా అరాబా దగ్గరకు లాక్కెళ్లాను. నానా అని మేం పెద్దవాళ్లనే పిలుస్తాం. అరాబా మా పదకొండు మందిలో ఒకతే అయినా రేవులోని చేపల ఆడవాళ్లందరికీ పెద్ద. ఆమె మాట లేకుండా రేవులో ఒక్క బుట్ట లేవదు. అందరినీ పిలిపించి, నన్ను చెప్పమంది. చెప్పాను. మాన్సా తల వంచుకుని నిలబడింది.

మొదట తవియా లేచింది. అందరిలోకీ పెద్ద నోరు దానిదే. "ఏ రోజు ఆర్పమంటారు?"

"శుక్రవారం."

"శుక్రవారం పడవలు నిండా వస్తాయి. గురుగ్రహం వచ్చి నా పిల్లలకి కెంకే పెడుతుందా?"

"తవియా, మీ అమ్మ పోయినప్పుడు ఆవిడ గడ్డం మీద కణితి ఎవరు తీశారే?" అని అడిగింది నానా.

"...మాన్సా."

"పోస్టరు చూసి ఊరంతా ఏమంది?"

"మహారాణిలా ఉందంది."

"మరి?"

"అది వేరు, ఇది వేరు నానా."

"వేరే. ఆ రోజు ఈ మాన్సా అబద్ధం గీస్తే మనందరం మెచ్చుకుని గోడల మీద అంటించుకున్నాం. ఇవాళ నిజం తీస్తే ఎవడో అబద్ధం అంటున్నాడు. అదీ మన పొయ్యిల మూలానే. ఇక మనం చూస్తూ కూర్చోవాలా?" అని మాన్సా వైపు తిరిగింది. "అమ్మాయీ, ఒక్క ఫోటో చాలదు. ఆర్పి ఉంచినప్పుడొకటి తియ్యి. తర్వాత అందరం వెలిగిస్తాం, అప్పుడొకటి తియ్యి. రెండూ పంపు. అప్పుడేమంటాడో చూద్దాం."

మాన్సా తలెత్తి ఆమెను చూసింది. నానా అరాబా బడి గడప తొక్కని మనిషి. ఆ రెండో ఫోటో సంగతి మాకెవరికీ తట్టలేదు, ఆ చలిదేశం పెద్దాయనకూ తట్టలేదు. చెప్పొద్దూ, నా ఛాతీ ఉప్పొంగింది.

శుక్రవారం వచ్చింది. మా అదృష్టం ఎలాంటిదంటే, ఆ నెలలో అంత చేప ఏ రోజూ పడలేదు. పడవల అంచుల దాకా కవళ్లు. పాడైన ఫ్రిజ్‌లను పడుకోబెట్టి, తకొరాది నుంచి తెప్పించిన ఐసుతో నింపి, అందులో కుక్కాం. పట్టనివి తడి గోనెల కింద కప్పాం. పొద్దున్నుంచీ ఒక్క పొయ్యిలో నిప్పు లేదు. తవియా గోనెలు తడిపినప్పుడల్లా గురుగ్రహాన్ని, దాని నాలుగు చుక్కల్ని పేరుపేరునా తిట్టింది. కానీ దాని గోనెలే అందరికంటే శుభ్రంగా కప్పి ఉన్నాయి, దాని పొయ్యే అందరికంటే చల్లగా ఉంది. చెయ్యి పెట్టి చూశాను.

ఏడు గంటలకు మేడెక్కాం. పైన నలుగురికే చోటుంది, నానా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్లన్నీ ఎక్కింది. మిగతావాళ్లు కింద నిలబడ్డారు. మాన్సా కెమెరా పెట్టింది. తెర మీద గురుగ్రహం వచ్చింది.

వణకడం లేదు. నీళ్లు తేరిన కుండలో అడుగు కనిపించినట్టు ఒక్కొక్క చార, చార అంచున మెలికలు, వాటి మధ్య ఆ తెల్లటి తుఫాను, అన్నీ నిలబడి కనిపించాయి. మాన్సా చూపుడు వేలు గొట్టం మీద పెట్టి నెట్టడం మొదలుపెట్టింది. రెండు నిమిషాలు. మళ్లీ రెండు నిమిషాలు. మూడోసారి అయ్యాక వేలు తీసి, కిందికి వంగి, "ఇక వెలిగించుకోండమ్మా," అంది.

అరగంటలో పదకొండు పొయ్యిలూ మండుతున్నాయి. తొమ్మిదింటికి రెండో వీడియో తీసింది. అదే గ్రహం, అదే గొట్టం, అదే వేలు. ఉండ మళ్లీ నూనెలో పడింది. పటం చూస్తే పైగాలిలో ఏ మార్పూ లేదు. మాన్సా తెర వైపు చూసి గట్టిగా నవ్వింది. నేను తెల్లారేదాకా తట్టలు మార్చాను. రెండు తట్టల చేప మెత్తబడిపోయింది, ఇంట్లో పులుసు పెట్టేశాను. తవియాకు మూడు తట్టలు పోయాయి. అది ఎవరి దగ్గరా ఆ మాట ఎత్తలేదు.

వీడియోలు మరీ పెద్దవి, స్టూడియోలో నెట్ మీద పంపితే శనివారం మధ్యాహ్నం దాకా వెళ్తూనే ఉన్నాయి. వాటితో పాటు ఒక పత్రం నింపాలి. అందులో పరిశీలకుల పేరు అనే గడి ఉంటుంది. మాన్సా అక్కడ పన్నెండు పేర్లు రాసింది. నేను వద్దన్నాను. "తప్పు దొరికిందని మళ్లీ అంటాడే," అన్నాను. ఆమె నా మాట చెవిన పెట్టలేదు.

సోమవారం సాయంత్రం పొయ్యిలు మండుతుండగా జవాబు వచ్చింది. మాన్సా మెట్లు దిగి, పొగలోనే వరస మధ్య నిలబడి మొదటినుంచీ చదివింది.

'రెండు వీడియోలూ నేనే పేర్చి చూశాను. సందేహానికి తావు లేదు. మీ ముప్ఫై ఒక్క ఫోటోలూ నిజమైనవి, అన్నీ నివేదికలోకి వెళ్తున్నాయి. తప్పు నాది. పరిశీలకుల గడిలో మీరు పన్నెండు పేర్లు రాశారు. ఫోటో కోసం పనిచేసినవాళ్ల పేర్లే అక్కడ ఉండాలన్నది మా నియమం. ఈ పదకొండు మంది ఏం పనిచేశారని మళ్లీ మీ ఉత్తరం చదివాను. ఒక రోజు నిప్పు వెలిగించలేదు. నలభై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఒక ఫోటో కోసం ఇంత చేసినవాళ్లను నేను చూడలేదు. పేర్లన్నీ ఉంటాయి. నివేదికలో అచ్చు కాబోయేది ఇలా ఉంటుంది.'

"చదువు," అంది నానా అరాబా.

"అరాబా," అని మొదలుపెట్టింది మాన్సా. ఒక్కొక్క పేరూ ఇంటిపేరుతో సహా చదివింది. పేరు వచ్చినవాళ్లు తట్టలు పక్కన పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకుని నిలబడ్డారు. తవియా తన పేరు రెండోసారి చదవమంది. చదివింది. నా పేరూ వచ్చింది. పదకొండూ అయ్యాయి.

చివర మాన్సా పేరు ఉంది. అది చదవబోయి ఆగింది. ఫోను నా చేతిలో పెట్టి, ముఖం అటు తిప్పుకుంది.

నేను చదివాను. మాన్సా బెంట్సిల్, సెకొండీ. చివరి పడవ దగ్గర వల మడుస్తున్నవాళ్లకు కూడా వినపడేలా చదివాను.